చిన్న ప్రాణి చివరి ఘడియ ఎవరి చేతిలో?

గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నంద్యాల పోయే రోడ్డు నల్లమల అడవిలోంచి సాగుతుంది. అలాంటి దారిలో రాత్రిపూట బండ్ల కింద పడేవి కుందేళ్లు, ముంగిసలు. ఊరి దగ్గరికొస్తే కుక్కపిల్లలు. అక్కడికక్కడే ప్రాణం పోతే చేసేదేమీ ఉండదు. నడుము విరిగి, ముందుకాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ రోడ్డు పక్కకు చేరినదాని సంగతే కష్టం. అది ఇక బతకదని తేలాక ఏం చేయాలి? ఆ మాట చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు మన నేల మీద చాలా పాత చరిత్రే ఉంది. అందులో చిన్న ప్రాణికి చోటు దొరకడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోదే. ఆ జిల్లాలోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామనీ, మూలికలు లేని చోట తెప్పించి నాటించామనీ వాటిలో ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఒక రాజు పశువుల వైద్యాన్ని తన బాధ్యతగా చెప్పుకోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ శాసనం వైద్యంతోనే ఆగింది. వైద్యానికి లొంగని ప్రాణిని ఏం చేయాలో చెప్పలేదు. మన జీవకారుణ్య సంప్రదాయం చాలావరకు ఆ దారిలోనే నడిచింది. జైనుల పింజ్రాపోల్‌లు ముసలి పశువునూ రెక్క విరిగిన పక్షినీ చేరదీశాయి, చివరి శ్వాస దాకా మేపాయి. చంపడమన్న ఆలోచననే దగ్గరికి రానివ్వలేదు.

ఊళ్లలో లెక్క వేరు. గొర్రెల కాపరి పిల్లకు కాలు విరిగితే వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టి కడతాడు. అతుక్కోదనిపిస్తే మాంసానికి అమ్ముతాడు. కోడిపిల్లకు మెడ తిప్పేస్తారు. మాంసానికి పనికిరాని కుక్కపిల్లనో ఉడుతనో చెట్టు కింద వదిలేస్తారు. ‘మన చేత్తో ఎందుకు ఆ పాపం, దాని రాత ఎట్లుంటే అట్లయితాది’ అనే మాటలో మోసం లేదు, భయం ఉంది. కానీ ఆ భయానికి మూల్యం మూడు రోజులో నాలుగు రోజులో ఆ ప్రాణి చెల్లిస్తుంది.

ఇంగ్లీషువాళ్ల చట్టం మొదట ధర చూసింది. 1860 నాటి శిక్షాస్మృతి 428వ సెక్షన్ ప్రకారం పది రూపాయలు, ఆపైన విలువ చేసే జంతువును చంపితేనే నేరం. ధర లేని ప్రాణి ఆ లెక్కలోకే రాదు. 1890లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం బాధను గుర్తించింది గానీ, జంతువంటే పెంపుడుది లేదా పట్టి బంధించినది అని గిరి గీసింది. చెట్టు మీది ఉడుత, గూట్లోంచి పడిన గోరింక పిల్ల ఆ గిరి బయటే ఉండిపోయాయి.

ఈ విషయాన్ని దేశమంతా చర్చించుకున్నది 1928లో. సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ గాయపడి, పక్కకు తిప్పినా తట్టుకోలేని నొప్పితో పడి ఉంది. వైద్యుడు ఆశ వదులుకున్నాడు. గాంధీ ఆశ్రమవాసులతో మాట్లాడాడు. ప్రాణం పోయలేని మనకు తీసే హక్కు లేదని ఒకరు గట్టిగా వాదించారు. అయినా విషపు ఇంజక్షన్ ఇప్పించారు. రెండు నిమిషాల లోపే అంతా అయిపోయింది. గాంధీ ఆ సంగతి దాచకుండా తన పత్రికలో రాశాడు. తన బిడ్డకే అలాంటి స్థితి వచ్చి, ఇంకో మార్గం లేకపోతే, అప్పుడూ అదే చేస్తానన్నాడు. కోపంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆయన పాటించిన వరస. ముందు వైద్యం, తర్వాత వైద్యుడి మాట, తర్వాత నలుగురితో సంప్రదింపు, ఆపైన జాప్యం లేని పని. అహింసను నమ్మినవాడే ఆ పని బాధ్యత నెత్తిన వేసుకున్నాడు.

రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుదలగా పోరాడిన ఫలితంగా 1960లో కొత్త చట్టం వచ్చింది. మనిషి తప్ప ప్రాణమున్న ప్రతి జీవీ జంతువేనంది. ఉడుతకు చట్టంలో చోటు దొరికింది అప్పుడే. 13వ సెక్షన్ దారి కూడా చూపింది. కానిస్టేబుల్ కంటే పై హోదా పోలీసు అధికారి గానీ, రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తి గానీ, కదిలిస్తేనే హింస అయ్యేంత గాయంతో ఉన్న జంతువును చూస్తే, యజమాని లేకపోయినా ఒప్పుకోకపోయినా ఆ ప్రాంత పశువైద్యాధికారిని పిలవాలి. బతికించి ఉంచడమే క్రూరత్వమని ఆయన ధ్రువీకరిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో దాని ప్రాణం తీయవచ్చు. అడవి జంతువులది వేరే దారి. 1972 చట్టం ప్రకారం కోలుకోలేని స్థితిలో ఉన్నదాని విషయంలో అనుమతి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇవ్వాలి.

ఇంతకీ బతకదని ఎలా తెలుస్తుంది? బల్ల మీద పడుకోబెట్టిన కుక్కపిల్ల చిగుళ్లు పాలిపోయాయేమో డాక్టరు చూస్తారు. షాక్, లోపలి రక్తస్రావం అక్కడ తెలుస్తాయి. తర్వాత వెనకకాలి వేలును ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతారు. కాలు లాక్కున్నంత మాత్రాన సరిపోదు, మెదడుతో పని లేకుండా వెన్నుపామే ఆ పని చేయించగలదు. తల తిప్పి చూసిందా, మూలిగిందా అన్నదే లెక్క. అదేమీ లేక, ఎక్స్‌రేలో వెన్నెముక పక్కకు జరిగి కనిపిస్తే మళ్లీ నడిచే ఆశ చాలా తక్కువ. అప్పటికీ చావొక్కటే దారి కాదు. రోజుకు మూడు నాలుగుసార్లు పొత్తికడుపు నొక్కి మూత్రం తీస్తూ, ఒరుసుకుపోయిన చర్మాన్ని కడుగుతూ చూసుకునే మనిషి ఇంట్లో ఉంటే ఆ కుక్క బతకొచ్చు. లేనప్పుడు చీము పట్టి, పురుగు పడి పోతుంది. పక్షులు, ఉడుతలు నొప్పిని దాచుకుంటాయి. అవి మెదలకుండా ఉన్నాయంటే నెమ్మదించాయని అనుకోకూడదు.

వీధికుక్కల గురించి 2001 నియమాలు స్పష్టంగా చెప్పాయి: నయం కానిదని, చావు తప్పని గాయమని పశువైద్యుడు తేల్చాలి, మత్తు జాతి మందుతో పోనివ్వాలి, ఇంకో కుక్క ఎదుట ఆ పని చేయకూడదు, ప్రాణం పోయిందని నిర్ధారించుకోవాలి. 2023 నియమాలు నిర్ణయాన్ని ఒక బృందం చేతిలో పెట్టాయి. అడ్డగోలుగా చంపకుండా ఆపడానికి అది మంచిదే. కానీ చిన్న పట్టణంలో, ఆదివారం సాయంత్రం, బస్టాండు పక్కన పడి ఉన్న కుక్కపిల్ల కోసం బృందం కూడేదెప్పుడు? 2022 మే నుంచి మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సులు తిరుగుతున్నాయి, 1962కు ఫోన్ చేస్తే వస్తాయి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో జంతువు ధర ప్రస్తావన తీసేశారు. పది రూపాయల గీత చెరిగిపోవడానికి 164 ఏళ్లు పట్టింది.

ఇక మిగిలింది సమయం. 13వ సెక్షన్‌లోని ‘రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన వ్యక్తి’ అన్న మాటను వాడుకోవాలి. ప్రతి మండలంలో పశువైద్యుడికీ, అడవి అంచు మండలాల్లో అటవీ రేంజి అధికారికీ ఆ అధికారం రాసివ్వాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఫోన్లోనే అందే ఏర్పాటు ఉండాలి, మర్నాడు కారణాలు రాసి సంతకం పెట్టించుకోవచ్చు. ఆసుపత్రిలో ఆ మందు నిల్వ ఉండాలి. గిద్దలూరు, కంభం, మార్కాపురం ఆసుపత్రులతో దీన్ని మొదలుపెట్టవచ్చు.