ఇంటిబండి, కిరాయిబండి

తెనాలి నిమ్మకాయల మార్కెట్టు వెలుపల తెల్లవారుజామున వరుసగా నిలిచియుండు చిన్నలారీల చెంతకు పోయి బండి కావలెనని అడిగినచో, బండివాడు మొదట ‘ఎక్కడికి’ అనియు, పిమ్మట ‘సరుకేమి’ అనియు, తుదకు ‘దింపుట కెవరున్నారు’ అనియు అడుగును. బాపట్లకైనను రేపల్లెకైనను పోకరాకలు రెండును కలిపి ఒక మొత్తము చెప్పి, రెండుమూడు మాటలలో బేరము తెగినంతనే తాళము త్రిప్పును. ఈ సంభాషణములో ఎన్నడును వినరాని ప్రశ్న యొకటి కలదు. బండిని తోలువా డెవడని ఇరువురిలో నొక్కరును అడుగరు. మనదేశమున కిరాయిబండి యన్నంతనే బండియు బండివాడును విడదీయరానివై కలిసియే వత్తురు. అమెరికాలో 1945వ సంవత్సరమున నెలకొన్న యూహాల్ వంటి సంస్థల పుణ్యమున, అచ్చటికి పోయిన మన తెలుగు యువకులు ఇల్లు మారవలసివచ్చినప్పుడు ట్రక్కు తాళపుచెవి చేతబుచ్చుకొని, మంచములు బల్లలు తామే యెక్కించుకొని, తామే నడుపుకొని, పని ముగిసినపిమ్మట దానిని మరల అప్పగించి వచ్చుచున్నారు. తెనాలిలో తాళపుచెవి చేతులు మారదు. ఈ యాచారము వెనుక నూటయేబది యేండ్లకు మించిన రవాణాచరిత్ర కలదు. దానిని నేను చూచినంత, విన్నంత, చదివినంత మేరకు వ్రాయవలెనని చిరకాలముగా నాకు కోరిక.

‘బాడుగ’ యను మాట సంస్కృతపు భాటకశబ్దమునకు తద్భవము. ‘కిరాయి’ అరబ్బీనుండి ఉర్దూమీదుగా మనకు వచ్చినది. ‘అద్దె’ మా ప్రాంతమున ఎక్కువగా ఇంటికే చెల్లును. ఇన్ని మాటలుండియు మా డెల్టారైతు బండి విషయమున కిరాయి యనియే అనును. తన బండికి మాత్రము ప్రత్యేకముగా పేరు లేదు. ‘బండి కట్టు’ అన్నచో ఇంటిబండి యనియే అర్థము. ‘బండి మాట్లాడు’ అన్నచో పరునిది.

ఆ యింటిబండిని రైతు సంతలో కొనుట అరుదు, చేయించుకొనెడివాడు. ముందుగానే నరికించి ఆరవేసిన నల్లతుమ్మ మొద్దును వడ్రంగి కప్పగించినచో, అతడు నడుమ కుండను చెక్కి, కుండలోనికి పండ్రెండు ఆకులు దిగగొట్టి, ఆ యాకుల కొనలను ఆరు పూటీలతో కలిపి వలయము చేయును. అటుపిమ్మట కమ్మరి వంతు. పిడకల మంటలో ఎఱ్ఱగా కాలిన ఇనుప పట్టాను ఇద్దరుముగ్గురు మనుష్యులు పట్టుకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి, ఒక్క పెట్టున కడవలతో నీళ్లు కుమ్మరింపగా, ఆవిరి ఇంటికప్పు నంటునంత ఎత్తునకు లేచుచుండ, చల్లబడి కుంచించుకొనిన యినుము పూటీలను, ఆకులను, కుండను ఏకశరీరముగా బిగించివేయును. మేకులు గాని జిగురు గాని ఆ పట్టుకు సాటిరావు. పట్టా తొడిగిన దినమున మా వాకిట పెండ్లిసందడి యుండెడిది. చక్రము పుట్టుక కన్నులార చూచినవానికి, దానియందలి యే యాకు వదులో, ఏ యెండలకు కఱ్ఱ ఎండి పట్టా జారునో, ఏ గతుకున కిఱ్ఱుమనునో తెలియక యుండునా? మా యూరు వేమూరునకు చేరువనున్నది. తెనాలినుండి రాత్రివేళ మరలివచ్చు బండ్లలో మనబండి యేదో మా తాతగారు అరుగుమీది మంచమునుండియే చప్పుడునుబట్టి చెప్పెడివారు. బండి యింకను వాకిటికి రాకమునుపే “కుడిచక్రానికి కందెన చాల్లేదురా” అని పాలేరును కేకవేసిన సందర్భములు నాకు నేటికిని జ్ఞాపకము. ఆముదమును కాలిన గడ్డిమసితో నూరిన ఆ కందెన వాసనయు అట్లే జ్ఞాపకము.

ఒక యేడు కుప్పనూర్పులు ముగిసి ధాన్యము తెనాలి మిల్లునకు చేరవలసిన తరుణమున మా బండి యిరుసు విరిగెను. భట్టిప్రోలు ప్రక్కనుండి ఒక కిరాయిబండి వచ్చినది. ఎడ్లను తోలుటలో ఊరిలో తనకు సాటిలేదని పేరుపొందిన మా తాతగారు అలవాటు చొప్పున ముందు కూర్చుండి పగ్గములు పట్టుకొనగా, ఆ గిత్తలు చెవులు వెనుకకు నిక్కించి నిలిచిపోయెనేకాని అడుగు కదపలేదు. బండివాడు నవ్వలేదు, దగ్గరకు వచ్చి, దాపటిదాని మూపురముపై చేయివేసి ఏదియో మెల్లగా పలికినంత మాత్రమున రెండును కదలినవి. తాతగారు మారుమాటాడక దిగి వెనుకకు పోయి బస్తాలపై కూర్చుండిరి. ఆయనను బండి వెనుకభాగమున నేను చూచుట అదియే మొదటిసారి.

“ఏం పేరు పెట్టావురా దాపటిదానికి?” అని కొంతసేపటికి అడిగిరి.

“పేరేం లేదండి. అబ్బాయి అంటాం” అనెను వాడు.

మా బండిలో పండ్రెండు బస్తాలు వేయుట వాడుక. వాడు పదింటికి మించి యెక్కింపనీయలేదు. కాడి యొరపిడికి దాపటిదాని మెడ కందియున్నదని చూపించెను. కిరాయిబండివాడు డబ్బునకు ఆశపడి ఎడ్లను చంపుననియు, ఇంటిబండి రైతు వానిని కన్నబిడ్డలవలె చూచుననియు లోకమున నొక నమ్మకము కలదు. ఆ మధ్యాహ్నము మొదలు ఆ నమ్మకము నాలో సడలినది. మాకు కిరాయిబండి యైనది వానికి ఇంటిబండియే కదా!

ఇంటిబండికిని హద్దులుండెను. మా నల్లరేగడినేలలో తొలకరి పడినదాదిగా చక్రము కుండవరకు దిగిపోవును. బాటయు పొలమును ఒక్కటే బురద. అట్టి దినములలో బరువు మోసినది కాలువ. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట, ఆర్థరు కాటన్ దొర యోజనను కెప్టెన్ ఓర్ కార్యరూపమున పెట్టిన ఫలము. దానినుండి చీలిన కాలువలు పైరునకు నీరిచ్చుటతోపాటు పడవలకును దారి యిచ్చినవి. తెనాలిలో మూడు కాలువలు పారుటవలననే ఆ పట్టణమునకు ‘ఆంధ్రా ప్యారిస్’ అను ముద్దుపేరు వచ్చినదందురు. దుగ్గిరాలవద్ద చీలిన కొమ్మమూరుకాలువ దక్షిణముగా సాగి పెదగంజామువద్ద బకింగ్‌హాము కాలువతో కలియును. 1876–78 కరవుకాలమున అన్నార్తులచే పనిచేయించి పొడిగింపబడి, నాటి మద్రాసు గవర్నరు పేర ప్రసిద్ధమైన ఆ కాలువమీదుగా డెల్టాధాన్యము చెన్నపట్టణము చేరుచుండెను.

కాలువమీద ఇంటిపడవ యనుమాట రైతునకు లేదు. పడవ సరంగుది, లేదా షావుకారుది. ఎన్నో బండ్ల బరువును ఒక్క పడవ మోయునప్పుడు రైతు తన బస్తాలను లెక్కపెట్టి ఒడ్డున అప్పగించి యింటికి మరలవలసినదే. గట్టువెంట మోకు భుజమున వేసుకొని లాగువారు, గెడ వేయువారు, గాలి కలిసివచ్చినప్పుడు చాప యెత్తువారు, లాకుల తలుపులు తెరచునంతవరకు ఒడ్డున పొయ్యి వెలిగించుకొని వండుకొనువారు - వీరి ముఖములు సైతము రైతు ఎరుగడు. తన శ్రమఫలమును తనకు తెలియని చేతులయందుంచి నిద్రించుట డెల్టారైతు మొదట నేర్చినది కాలువగట్టుననే యని నేను తలంతును. అయినను వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు పడవలు బురదలో ఒరిగి పరుండెడివి; బీటలువారిన పొలములకు అడ్డముపడి మరల ఇంటిబండ్లు బయలుదేరెడివి. ఒకే రైతు వానకాలమున పరుని పడవకును, ఎండకాలమున తన బండికిని బరువెత్తుచు కాలము గడపెను.

1899లో బెజవాడను చెన్నపట్టణముతో కలిపిన రైలుమార్గము తెనాలి, బాపట్లల మీదుగా పోయెను. 1916లో గుంటూరునుండి తెనాలిమీదుగా రేపల్లెవరకు మరియొక దారి పడెను. రైలుతో కిరాయిబండ్లకు గొప్పదశ పట్టినది. ఏలయన రైలు స్టేషనువరకే వచ్చును, ఇంటివరకు రాదు. రేపల్లె ఆ దారికి కడపటి స్టేషను. దానికావల సముద్రతీరమున, 1611లో ఇంగ్లీషువారి గ్లోబు ఓడ వచ్చి ఆగిన నిజాంపట్నము - నాటివారి వ్రాతలలో పెట్టపోలి - కలదు. ఒకప్పుడు డచ్చివారును ఇంగ్లీషువారును పోటీపడి కొఠీలు పెట్టిన ఆ రేవునుండి రైలు నందుకొనుటకు ఎద్దుబండియే శరణ్యమైనది.

తరువాత వచ్చినది లారీ. ఈ లారీల విషయమున చట్టము చేసిన విభజన నాకు మిక్కిలి ముచ్చటైనది. 1939 నాటి మోటారు వాహనముల చట్టము, తన సరుకును తానే మోసికొను యజమానిని ‘ప్రైవేటు క్యారియర్’ అనియు, కూలికి పరుల సరుకు మోయువానిని ‘పబ్లిక్ క్యారియర్’ అనియు వేరుపరచి, వేర్వేరు పర్మిట్లు నిర్ణయించెను. లారీ నొసట పెద్ద యక్షరములతో ‘పబ్లిక్ క్యారియర్’ అని వ్రాసియుండుట నా యీడువారందఱును చూచినదే. ఇంటిబండి, కిరాయిబండి యని మా తాతగారు నోటితో చెప్పిన భేదమే రాజముద్రతో లారీ నుదుట నెక్కినది. 1989 జూలై 1 నుండి అమలునకు వచ్చిన 1988 చట్టములో ఈ భేదము తొలగి, సరుకు మోయు బండ్లన్నియు ‘గూడ్సు క్యారేజి’ అను ఒక్క పేరున ఇమిడిపోయెను. నేడు తన తోటలోని గెలలను మాత్రమే మోయు రైతుబండికిని, ఊరందఱి సరుకును మోయు కిరాయిబండికిని అదే పసుపుపలక, అవే నల్లని యంకెలు. చూచి ఏది యెవరిదో చెప్పుట యిప్పుడు కష్టము.

ట్రాక్టరు కథ వేరు. దాని వెనుక తగిలించు పెట్టెను మావారు ‘ట్రక్కు’ అందురు, ఆ ట్రక్కుతో ఎద్దులు దొడ్లనుండి మాయమైనవి. దాని గూర్చి వ్రాయుటకు నాకు మనసొప్పదు.

2005లో టాటావారి చిన్నలారీ ఏస్ వచ్చెను. రెండు సిలిండర్ల చిన్న యింజను, మోయు బరువు ముప్పాతిక టన్ను. ముప్పాతిక టన్ననగా డెబ్బదియైదు కిలోల ధాన్యపుబస్తాలు సరిగా పది. భట్టిప్రోలు బండివాడు దాపటిదాని మెడ చూపి హద్దు పెట్టినది ఆ పది బస్తాలకే! పడవలు, రైళ్లు, లారీలు ఇన్ని గడచినపిమ్మటను, పొలమునుండి మార్కెట్టునకు ఒక సంసారి ఒక్కమారు పంపు సరుకు కొలత మారలేదన్నమాట. తరువాత ఇంకను పెద్దవి, బలమైనవి పికప్‌లు వచ్చినవి. మా యింటను అట్టిదొకటి పాతది కొంటిమి, లంకపొలముల అరటిగెలలకై.

దానిని నేనే నడపుదును. పది సంవత్సరముల సహవాసమున దాని క్లచ్చి ఏ మట్టమున అందుకొనునో నా పాదమునకు తెలియును. రెండవ గేరు ఒక్క క్షణము తటపటాయించి పడునని చేతికి తెలియును. కరకట్టపై బరువుతో పోవునప్పుడు స్టీరింగు ఎడమకు లాగునని తెలిసి నా భుజము ముందే కుడికి మొగ్గును. ఇవన్నియు లోపములే. అయినను అవి నాకు లోపములుగా తోచవు. తాతగారికి కుడిచక్రము చప్పుడు ఎట్టిదో నాకివి అట్టివి.

క్రిందటేడు అది మరమ్మతులో నుండగా తెనాలిలో ఒక బండి మాట్లాడుకొని రేపల్లెకు గెలలు వేసికొని బయలుదేరితిమి. జంపని దాటునప్పటికి డ్రైవరునకు చలిజ్వరము వచ్చి వణకసాగెను. గెలలు ఎండకు మెత్తబడును. వేరొక బండి పిలుచుటకు వ్యవధి లేదు. అతడు కొంత జంకి, చివరకు పక్కకు జరిగి నాకు చోటిచ్చెను. ఆ కొలదిమైళ్ల దూరమును నేను మరువజాలను. సీటులో అతని శరీరము చేసిన గుంటలో నా శరీరము ఇమడలేదు. అద్దము అతని కన్నుల ఎత్తునకు త్రిప్పియుండుటచే నాకు రోడ్డుకు మారుగా ఆకాశము కనిపించెను. దానిని సవరింపబోయి, అతని వంక చూచి, మెడనే సాచుకొని సరిపెట్టుకొంటిని. బండి క్రొత్తది, నా దానికన్న అన్నివిధముల మేలైనది. క్లచ్చి వెన్నవలె నున్నది. అయినను నేను దానిపై పాదము మోపినప్పుడెల్ల ఇతరుల యింట చెప్పులతో నడచుచున్నంత సంకోచము. గతుకు వచ్చినపుడెల్ల అతని కుడికాలు ఉత్తనేలను బ్రేకువలె త్రొక్కుచుండెను.

“బాబాయిగారూ, గేరు మార్చండి. బండి అడుగుతోంది” అనెను ఒకచోట, కన్నులు మూసికొనియే. నాకు వినరాని మాట అతనికి వినిపించినది.

వేమూరువద్ద టీ త్రాగునప్పుడు తెలిసినది: భార్య గాజులు తాకట్టుంచి మొదటి సొమ్ము కట్టెననియు, నెలనెలా కిస్తీ యున్నదనియు, మూడేండ్లలో ఆ బండిని తానుదక్క వేరొకరు నడుపుట అదియే మొదలనియు. గెలలు దింపినపిమ్మట కిరాయి యిచ్చితిని. నేను తోలిన దూరమునకు తగ్గించుకొనుమని అతడనెను, నేను ఒప్పలేదు.

కనుమనాడు కాకియైన కదలదని పెద్దలమాట. ఆనాడు మా దొడ్డిలో ఎడ్లకు స్నానము చేయించి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, కాడిని గోడకు చేరవేసెడివారు. ఎంత యవసర మున్నను బండి కట్టెడివారు కారు. మొన్న విజయదశమినాడు మరియొక పనిమీద ఆ డ్రైవరునకు ఫోను చేసితిని. “ఇవాళ బండి తియ్యను బాబాయిగారూ, రేపొస్తాను” అనెను. మాటల వెనుక కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, చక్రముల క్రింద పెట్టుటకు నిమ్మకాయలు తెమ్మని ఎవరో పిల్లవానిని పిలుచుట, వినిపించినవి.