ముసాఫిర్ నమాజు - మినా నేర్పిన పాఠం



ముస్లిముకు ఊళ్ళో ఉన్నా నమాజు విధే, దారిలో ఉన్నా విధే. అయితే దారిలో ఉన్నవాడికి అల్లాహ్ ఒక వెసులుబాటు ప్రసాదించాడు. జుహర్, అసర్, ఇషాల నాలుగు రకాతుల ఫర్జును రెండేసిగా చదవడమే అది. దీనినే ఖసర్ అంటారు. ఫజర్ రెండు, మగ్రిబ్ మూడు ఎప్పటిలాగే ఉంటాయి.

నమాజు మొదట రెండేసి రకాతులుగానే విధి అయిందనీ, హిజ్రత్ తరువాత స్థిరనివాసులకు పెరిగిందనీ, ప్రయాణంలో మాత్రం పూర్వంలాగే నిలిచిందనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 101వ ఆయత్‌లో ఖసర్ ప్రస్తావన వచ్చినచోట శత్రుభయం మాట కూడా ఉంది. అందుకే యఅలా బిన్ ఉమయ్యా (రజి), "ఇప్పుడు భయం లేదు గదా, ఇంకా ఎందుకు?" అన్న సందేహాన్ని హజ్రత్ ఉమర్ (రజి) ముందుంచారు. తనకూ అదే సందేహం కలిగి ప్రవక్త (స) వారిని అడిగానన్నారాయన. ఇది అల్లాహ్ ఇచ్చిన దానమనీ, స్వీకరించాలనీ ప్రవక్త (స) సెలవిచ్చారట. "రైల్లో హాయిగా పడుకొని పోతున్నాం, మనకెందుకు ఖసర్?" అనే నేటివారికీ ఇదే జవాబు. ఖసర్‌కు కారణం ప్రయాణమే గాని ప్రయాస కాదు.

ప్రవక్త (స) మదీనాలో జుహర్ నాలుగు రకాతులు చదివి బయలుదేరి, జుల్ హులైఫాలో అసర్ రెండే చదివారని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. అంటే ఊరు దాటితే చాలు, ఖసర్ మొదలవుతుందన్నమాట. హిజ్రీ 8లో మక్కా విజయ సమయంలో 19 రోజులు అక్కడే ఉన్నా ఖసరే చేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం.

ఇక అసలు ముచ్చటకు వద్దాం. హజ్ రోజుల్లో మినాలో ప్రవక్త (స), అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి) రెండేసి రకాతులే చదివించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) కూడా మొదటి సంవత్సరాలలో అలాగే చేశారు. హిజ్రీ 29 (క్రీ.శ. 650) హజ్‌లో మాత్రం నాలుగు చదివించారు. ఎడారి నుంచి వచ్చిన కొత్తవాళ్ళు నమాజంటే రెండే రకాతులనుకుంటారని ఆయన భయపడ్డారని కొందరు, మక్కాలో వివాహసంబంధం ఏర్పడిందని మరికొందరు కారణాలు చెప్పారు. అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) కు ఇది నచ్చలేదు. నచ్చలేదని దాచుకోకుండా చెప్పారు కూడా. అయినా జమాఅత్‌లో నిలబడి నాలుగూ చదివారు. ఇదేమిటని అడిగితే, విభేదం చెడ్డదని జవాబిచ్చారు. అభిప్రాయం మార్చుకోలేదు, సఫ్ విడిచి పోనూ లేదు!

తరువాత ఇమాముల మధ్య కూడా భేదాలు వచ్చాయి. హనఫీలకు ఖసర్ తప్పనిసరి. షాఫయీలకు అది అనుమతి. ఒకేచోట 15 రోజులు ఉండే సంకల్పం ఉంటే హనఫీలు పూర్తిగా చదువుతారు. షాఫయీలకు, వచ్చిన రోజు, వెళ్ళే రోజు గాక, 4 రోజులే హద్దు. దూరాన్ని మన దేశపు హనఫీ ఉలమా 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. జుహర్‌తో అసర్‌ను, మగ్రిబ్‌తో ఇషాను కలిపి చదవడానికి షాఫయీలు ప్రయాణంలో అనుమతిస్తారు; హనఫీలు హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫాలలో మాత్రమే కలుపుతారు. మన ప్రాంతంలో అధికులం హనఫీలమే అయినా, హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హజ్రమౌత్ అరబ్బు కుటుంబాలు షాఫయీలు. ఇద్దరూ ఒకే రైలెక్కుతారు, ఒకే పెళ్ళికి వెళతారు.

అలాంటిచోట వాదులాట దేనికి? స్థానిక ఇమాము వెనుక నిలిచిన ముసాఫిర్ నాలుగూ చదవాలి. ముసాఫిరే ఇమామైతే, రెండు రకాతులకు సలాం చెప్పి, తాను ప్రయాణికుడినని తెలియజేస్తాడు. స్థానికులు లేచి మిగిలినవి పూర్తి చేసుకుంటారు. మక్కాలో హజ్రత్ ఉమర్ (రజి) చేసిన పద్ధతి ఇదే.

రకాతుల లెక్క తెలుసుకోవడం మన ధర్మం. ఆ లెక్క కోసం సఫ్‌ను చీల్చకపోవడం అంతకన్నా పెద్ద ధర్మం. అల్లాహ్ మనందరి ప్రయాణాలను, నమాజులను స్వీకరించుగాక. ఆమీన్.