బిల్లు లేని ఫోన్ కొనొచ్చా?

మొన్న రూమ్‌లో ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మంచి ఫోన్ సగం ధరకే వస్తుంది. బిల్లు లేదు, డబ్బా లేదు. తీసుకోనా?" జీతం లేటు, ఉన్న ఫోన్ పగిలింది, బిడ్డ ముఖం చూసి పది రోజులైంది. వాని బాధ నాకు తెలుసు.

వానికొక పాత ముచ్చట చెప్పిన. 300 ఏళ్ల కింద లండన్‌లో జొనాథన్ వైల్డ్ అని ఒకడుండె. దొంగలను పట్టిస్తడని పెద్ద పేరు. సామాను పోయినోళ్లు వానికే పైసలిచ్చి తిరిగి తెచ్చుకునేటోళ్లు. తీరా చూస్తే ఆ దొంగలు వాని మనుషులే! దొంగను పట్టించకుండా సొమ్ము ఇప్పించి పైసలు తీసుకుంటే నేరమని 1718లో చట్టం వచ్చింది. వాని మీద దొంగతనం రుజువు కాలేదు. దొంగ లేసు తిరిగి ఇప్పించి 10 గినీలు తీసుకున్నందుకు 1725 మే 24న ఉరి తీసిండ్రు.

మన దేశంలో 1860 శిక్షాస్మృతి 411వ సెక్షన్ కూడా దొంగసొత్తు తీసుకున్నోణ్ని వదల్లేదు. తెలిసి తీసుకున్నా, నమ్మడానికి కారణం ఉండి దురుద్దేశంతో తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు. 2024 జులై నుంచి న్యాయసంహిత 317లో అదే మాట ఉంది. సగం ధర, బిల్లు లేదు. ఇంతకన్నా కారణం ఏం కావాలె?

చట్టం సంగతి పక్కన పెట్టండి. ఒకప్పుడు క్యాంపులో నా ఫోన్ పోయింది. నా బిడ్డ మొదటి పుట్టినరోజు ఫోటోలన్నీ అందులోనే. దాన్ని కూడా ఎవరో మనలాంటోడే చవకగా కొని ఉంటడు.

తమ్ముడు కొనలేదు. నలుగురం తలా కొంత వేసి వాని పాత ఫోన్ అద్దం మార్పించినం.