లాక్ విప్పితే బయటపడే పనితనం

2026 జూలై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. నాటి యుద్ధాలను వేషాలు కట్టి మైదానాల్లో ప్రదర్శించే బృందాలకు ఇది పెద్ద పండగ. వాళ్లు భుజాన వేసుకునే తుపాకులు చాలావరకు నకళ్లే. నకలు బాగుందో లేదో తెలియాలంటే తుపాకీని పేల్చే యంత్రాంగం, అంటే లాక్ విప్పి చూడాలి.

ఉక్కు మీద చెకుముకి రాయి కొట్టి మందు అంటించే ఈ లాక్, 1610 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో రూపుదిద్దుకుంది. లిజియో పట్టణానికి చెందిన మారిన్ ల బుర్జువా దాన్ని చేశాడని చెబుతారు. తర్వాత రెండు శతాబ్దాలకు పైగా అది వాడుకలో ఉంది. బ్రిటిష్ వాళ్ల ‘బ్రౌన్ బెస్’ తుపాకీకి మొదట్లో 46 అంగుళాల గొట్టం ఉండేది. ఈస్టిండియా కంపెనీ దాన్ని 39కి తగ్గించింది. ఉత్తర సర్కారుల నుంచి కంపెనీ కొలువులో చేరిన మన సిపాయిలు మోసిందీ ఈ జాతి తుపాకీనే. 1840ల నాటికి సుత్తి దెబ్బకు పేలే పెర్కషన్ క్యాప్ దాన్ని పక్కకు నెట్టేసింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం 1785 నాటిది. అప్పుడు థామస్ జెఫర్సన్ పారిస్‌లో అమెరికా రాయబారి. హోనోరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడి దగ్గరికి స్వయంగా వెళ్లాడు. బ్లాంక్ ఆయన ముందు 50 లాక్‌ల భాగాలను అరలరలుగా పేర్చి పెట్టాడు. స్ప్రింగులు ఒక అరలో, మరలు ఇంకో అరలో. జెఫర్సన్ చేతికందిన ముక్కల్ని తీసి, ఒకదానికొకటి బిగించుకుంటూ కొన్ని లాక్‌లను తానే కూర్చాడు. అన్నీ చక్కగా అమరాయి. అప్పటిదాకా ఒక తుపాకీ మర మరో తుపాకీకి పట్టేది కాదు. ప్రతి ముక్కనూ ఆకురాయితో అరగదీసి దాని చోటికి సరిపెట్టాల్సిందే. యుద్ధంలో ఒక స్ప్రింగు విరిగితే, కొత్తది అలా సరిపెట్టేదాకా మొత్తం తుపాకీ మూలన పడేది. అందుకే ఆ ఏడాది ఆగస్టు 30న అమెరికా విదేశాంగ కార్యదర్శి జాన్ జేకు రాసిన లేఖలో జెఫర్సన్ ఇదంతా వివరంగా చెప్పాడు. మామూలు ధర కన్నా రెండు ఫ్రెంచి లివ్రలు తక్కువకే తుపాకీ ఇవ్వగలనని బ్లాంక్ అనుకుంటున్నాడని కూడా రాశాడు. దేశాన్ని నిలబెట్టాల్సిన మనిషి ఓ స్ప్రింగును అంత శ్రద్ధగా చూడటం నాకు ఎప్పటికీ ముచ్చటే.

ఇలా ఒకే తీరు భాగాలతో తుపాకులు చేయడంలో తర్వాత అమెరికాలో పేరు మోసినవాడు తయారీదారు ఎలీ విట్నీ. 1798లో ఆయన ప్రభుత్వానికి పదివేల తుపాకులు రెండేళ్లలో ఇస్తానని ఒప్పుకుని, 1809 దాకా తీసుకున్నాడు. వాటి భాగాలు కూడా నిజంగా ఒకదాని బదులు ఒకటి పట్టేవి కావని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

ఇక ఈ తుపాకుల నకళ్ల విషయానికొస్తే, 1970ల్లో జపాన్‌లో మిరోకు కంపెనీ వాటిని చేసింది. ఇటలీలో పెడెర్సోలి ఇప్పటికీ చేస్తోంది. మన దేశంలోని వర్క్‌షాపుల నుంచీ విదేశాలకు వెళ్తున్నాయి, చాలావరకు గొట్టంలోని మందుకు నిప్పు చేరే రంధ్రం వేయకుండానే. ఎవరు చేసినా పరీక్ష ఒకటే. లాక్ ఫలకకూ కర్రకూ మధ్య గోరు దూరకూడదు. ఫలక అంచులు పదునుగా ఉండాలి. పాలిష్ చక్రం కింద గుండ్రంగా కరిగిపోతే అది తొందర పని. రాయి తగిలే ఉక్కు పలక మెత్తగా ఉంటే నిప్పురవ్వలు రావు, గీతలే పడతాయి. సగం ఎక్కుపెట్టి ట్రిగ్గర్ నొక్కినా రాయిని పట్టుకునే సుత్తి కదలకూడదు. ఈ చివరిది తప్పితే ధర ఎంత తక్కువైనా ఆ తుపాకీ కొనకండి. రంధ్రం లేని గొట్టానికి ఇంట్లో డ్రిల్లు పెట్టకండి.