వన్నె చూసి కొలిచే విద్య: ఫిస్కే–సుబ్బారావు ఫాస్ఫరస్ పరీక్ష పూర్వాపరాలు

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) ప్రస్తావన వచ్చినప్పుడు మనం సాధారణంగా ఆయన సాధించినవాటి పట్టికను చెప్పుకొంటాం. ఫాస్ఫోక్రియేటిన్, ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, హెట్రజాన్, ఆరియోమైసిన్ అందులో ప్రముఖంగా ఉంటాయి. కాలక్రమంలో వీటన్నిటికంటె ముందుదైన 1925 నాటి ఫాస్ఫరస్ పరీక్షకు మాత్రం ఒక వాక్యం దక్కితే అదే ఎక్కువ. దీనికి కారణం ఊహించదగినదే. అది కొత్త పదార్థం కాదు, మందు కాదు. ప్రయోగశాలలో రోజూ పదుల సంఖ్యలో చేసే ఒక కొలత పద్ధతి మాత్రమే. అయితే 1927లో వెలువడిన ఫాస్ఫోక్రియేటిన్ ఆవిష్కరణకు పుట్టినిల్లు ఆ కొలతే. అది ఎలా పుట్టిందో తెలియాలంటే అటువంటి పరీక్షను ఒక మనిషి ఎలా నేర్చుకొంటాడు, నేర్చుకొన్నాక అతని కంటికి ఏది కొత్తగా కనిపిస్తుంది అన్న ప్రశ్నలు వేసుకోవాలి. ఈ వ్యాసం ఆ ప్రశ్నల వెంట నడుస్తుంది.

ఈ పరీక్షలోని ప్రధాన సూత్రం తెలుగు భాషకు పరాయిది కాదు. రంగును కొలతగా వాడిన అనుభవం ‘వన్నె’ అన్న మాటలోనే ఉంది. ‘వర్ణ’ శబ్దానికి ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం ఇది. రంగు అని ఒక అర్థం, బంగారపు మేలిమి పరిమాణం అని మరొక అర్థం. ‘పదాఱువన్నె పసిడి’ అన్నప్పుడు సంఖ్య ఉన్నది, రంగు ఉన్నది, రెండూ కలిసి ఒకే ప్రమాణమయ్యాయి. ఒరగల్లు మీద తెలియని బంగారాన్ని ఒక గీత గీసి, మేలిమి తెలిసిన బంగారంతో పక్కనే మరొక గీత గీసి, రెండింటినీ పోల్చి చూసే పద్ధతిని అర్థశాస్త్రం రెండవ అధికరణం సువర్ణాధ్యక్షుని ప్రకరణంలో ప్రస్తావించింది. ఇక్కడ కంసాలి కన్ను ఎంత నిశితమైనదైనా అది ఒంటరిగా తీర్పు చెప్పదు. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని ఉంచిన తరువాతనే చెబుతుంది. తర్కశాస్త్రంలోని ‘ప్రమాణం’ అనే మాటను ఆధునిక రసాయనశాస్త్రం ‘ప్రమాణ ద్రావణం’గా వాడుకోవడం కేవలం పారిభాషికపదాల కొరత వల్ల జరిగిందని నేను అనుకోను.

అయితే ఒరగల్లు విద్య ఇంటి విద్య. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి ఏళ్ల తరబడి పాకేది. ముక్కుమొహం తెలియని ఇరవైమంది విద్యార్థులకు ఒకే గదిలో, ఒకే సంవత్సరంలో రసాయన పరీక్షను నేర్పవచ్చునన్న భావన 19వ శతాబ్దపు జర్మనీలో స్థిరపడింది. 1824లో గీసెన్ విశ్వవిద్యాలయంలో చేరిన యూస్టుస్ లీబిగ్ దానికి ముఖ్య కారకుడు. 1831లో ఆయన రూపొందించిన ఐదు బుడ్ల గాజు పరికరంలో పొటాష్ ద్రావణం ఉంటుంది. దహనంలో పుట్టిన కార్బన్ డయాక్సైడును అది పీల్చుకొంటుంది. ముందు ఒకసారి, తరువాత ఒకసారి తూచితే చాలు, కర్బనం లెక్క తేలుతుంది. అంతకు ముందు మహా నిపుణులకే సాధ్యమైన విశ్లేషణ శ్రద్ధగల విద్యార్థికి అందుబాటులోకి వచ్చింది. నైపుణ్యంలో కొంత భాగం చేతి నుంచి గాజులోకి మారిందన్నమాట. కొంత భాగమే, మిగిలినది చేతిలోనే ఉండిపోయింది.

లీబిగ్ దగ్గర సహాయకుడిగా పనిచేసిన రెమిగియస్ ఫ్రెజీనియస్ మరొక అడుగు వేశాడు. విద్యార్థి దశలో తన సొంత అభ్యాసం కోసం రాసుకొన్న గుణాత్మక విశ్లేషణ గ్రంథాన్ని 1841లో ప్రచురించాడు. 1848లో వీస్‌బాడెన్‌లో విశ్లేషణకోసమే ప్రయోగశాల పెట్టాడు. 1862లో ఆ శాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పత్రికను ప్రారంభించాడు. ఏ కారకం తరువాత ఏది కలపాలి, అవక్షేపం వస్తే ఎటు, రాకపోతే ఎటు అన్న క్రమబద్ధమైన దారిని ఆయన పుస్తకం పాఠంగా మార్చింది. ఇంటర్మీడియట్‌లోనో డిగ్రీలోనో సైన్సు చదివి, కుళ్లిన గుడ్ల వాసన మధ్య ‘సాల్ట్ అనాలిసిస్’ చేసినవారందరూ ఆ దారిలో నడిచినవారే.

20వ శతాబ్దం మొదట్లో ఈ విద్యకు కొత్త అవసరం వచ్చిపడింది. రోగి రక్తంలో ఉన్న వివిధ పదార్థాల పరిమాణం తెలియాలి, పరిమాణమేమో అత్యల్పం. ఆరోగ్యవంతులైన పెద్దలలో 100 మిల్లీలీటర్ల సీరంలో అకర్బన ఫాస్ఫరస్ సుమారు 3 నుంచి 4.5 మిల్లీగ్రాములు. పాత పద్ధతిలో ఫాస్ఫేటును మెగ్నీషియం లవణంగా అవక్షేపించి, కాల్చి, తూచేవారు. తూచదగినంత పదార్థం కావాలంటే రోగి నుంచి తీయరానంత రక్తం తీయాలి. హార్వర్డ్ వైద్యకళాశాలలో జీవరసాయన శాఖకు అధిపతి, స్వీడన్‌లో పుట్టిన ఓటో ఫోలిన్, త్రాసు స్థానంలో రంగును నిలిపినవారిలో అగ్రగణ్యుడు. 1904లో క్రియేటినిన్‌ను ఆ విధంగా కొలిచాడు; 1919లో వూ అనే సహచరునితో కలిసి రక్త విశ్లేషణకు ఒక సమగ్ర పద్ధతిని ప్రకటించాడు. ఆయన చేతిలోని పనిముట్టు డ్యూబోస్క్ కలరీమీటరు. రెండు గాజు పాత్రలు, వాటిలోకి దిగే రెండు గాజు కడ్డీలు, పైన ఒకే కంటికి రెండు సగాలుగా కనిపించే వృత్తం. ఒక సగంలో తెలిసిన ద్రావణం, రెండవ సగంలో తెలియనిది. రెండు సగాల మధ్య గీత మాయమయ్యేదాకా లోతు సవరించాలి. సారాంశంలో ఇది ఒరగల్లే.

మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు ఆ తరువాత బోస్టన్ చేరాడు. ఆసుపత్రిలో రాత్రిపూట కింది స్థాయి పనులు చేస్తూ చదువు సాగించిన సంగతి ప్రసిద్ధమే. ఫోలిన్ శాఖలో సైరస్ ఫిస్కే వద్ద ఆయనకు దొరికిన సమస్య ఫాస్ఫరస్ కొలత. అది అప్పటికే పరిష్కారమైనట్లు కనిపించే సమస్య. 1920లో బెల్, డాయిసీ ఒక రంగు పద్ధతిని ఇచ్చారు. ఆమ్ల మాధ్యమంలో ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలుస్తుంది. ఆ సంయోగాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. వారు వాడిన క్షయకరణి హైడ్రోక్వినోన్. తరువాత ద్రావణాన్ని క్షారంగా మార్చేవారు. ఆ నీలం నిలిచేది కాదు, వెలిసిపోయేది. 1922లో బ్రిగ్స్ క్షారం వాడకుండా ఆమ్లంలోనే రంగును ఉంచాడు. రంగు నిలిచింది గాని నెమ్మదిగా వచ్చేది. ఫిస్కే, సుబ్బారావు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని క్షయకరణిగా ఎంచుకొన్నారు. నీలం అయిదు నిమిషాలలో పోల్చడానికి తగినంతగా ఏర్పడింది. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో వెలువడిన ఆ వ్యాసం చూపిన మెరుగుదలలో కీలకమైనది ఈ వేగం. దీనిని గుర్తుంచుకోవాలి.

ఈ పరీక్ష నేర్చుకోవడమంటే ఏమిటో కొంత వివరంగా చూడడం అవసరం. తెల్లకోటు వేసుకొన్న విద్యార్థి మొదట నేర్వవలసినది గాజుసామాను కడగడం. కడిగే పొడిలో ఫాస్ఫేటు ఉంటే, సరిగా తొలపని పరీక్షనాళిక తన ఫాస్ఫేటును రోగి ఖాతాలో జమ చేస్తుంది. తరువాత రక్తాన్ని నిల్వ ఉంచరాదని తెలుసుకోవాలి. ఎర్రకణాల లోపల సేంద్రియ ఫాస్ఫేట్లు సమృద్ధిగా ఉంటాయి. కణాలు చితికినా, సీరంను వేరుచేయడంలో ఆలస్యమైనా, లోపలివి బయటికి వచ్చి లెక్క పెరుగుతుంది. ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో మాంసకృత్తులను అవక్షేపించి వడపోయాలి. వడపోత తేరుకోకముందే తొందరపడకూడదు. పిప్పెట్టు మీది గీతను కంటి ఎత్తున పట్టి, ద్రవపు వంపు అడుగుభాగం గీతకు తాకేలా చూడాలి. ఇవేవీ మేధకు సంబంధించినవి కావు. కాని వీటిలో ఏ ఒక్కటి తప్పినా చివరి అంకె అబద్ధం చెబుతుంది, అదీ నిజంలాగే కనిపించే అబద్ధం.

తరువాత ప్రమాణ ద్రావణం. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటు 0.3509 గ్రాములను లీటరు ద్రావణంగా చేస్తే, 5 మిల్లీలీటర్లలో 0.4 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. 0.3509 అనే అంకె పైకి విచిత్రంగా కనిపిస్తుంది. ఆ లవణం బరువులో ఫాస్ఫరస్ వాటా సుమారు 22.8 శాతమని తెలిస్తే చిక్కు విడిపోతుంది. లెక్క గుండ్రంగా రావడానికి తూకం వంకరగా ఉండాలి. పరీక్షలో ప్రమాణానికి, నమూనాకు ఒకే క్షణంలో కారకాలు కలపాలి, ఒకే గడియారం చూడాలి. ప్రమాణాన్ని 20 మిల్లీమీటర్ల లోతున ఉంచినప్పుడు నమూనా 16 మిల్లీమీటర్ల దగ్గర సరితూగిందనుకొందాం. నమూనా గాఢత ప్రమాణానికి 20/16 రెట్లు, అంటే 0.5 మిల్లీగ్రాములు. ఇక నమూనా లేకుండా కారకాలు మాత్రమే కలిపిన ‘బ్లాంక్’ ఉన్నది. అందులోనే నీలం కనిపిస్తే తప్పు రోగిది కాదు, సీసాలది. విద్యార్థి సహనం మొదట పరీక్షకు నిలిచేది ఇక్కడే. ఫలితం లేని పనిని ఫలితం ఉన్న పనితో సమానమైన శ్రద్ధతో చేయాలి గనుక.

మీమాంసకులు కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విభజించారు. నిత్యకర్మ చేస్తే ప్రత్యేక ఫలం లేదు, చేయకపోతే ప్రత్యవాయం ఉంది అన్నది వారిలో ప్రబలమైన ఒక అభిప్రాయం. ప్రయోగశాలలోని బ్లాంక్, ప్రమాణం, పునరావృత్తి నిత్యకోటికి చెందినవి. శాస్త్ర చరిత్రకారులు కామ్యకర్మలను మాత్రమే నమోదు చేస్తూ వచ్చారు.

నిత్యం చేసిన పని వల్ల కలిగే లాభం ఒకటి ఉన్నది: సహజగతి ఎలా ఉంటుందో ఒంటికి తెలిసిపోవడం. అయిదు నిమిషాలలో నీలం ఇంత రావాలి, ఆపైన అంతగా పెరగకూడదు అని పదేపదే చూసిన కంటికి, పెరుగుతూ పోయే నీలం వెంటనే అసహజంగా తోస్తుంది. ఫిస్కే, సుబ్బారావు కండరపు వడపోతకు తమ పద్ధతిని అన్వయించినప్పుడు జరిగింది ఇదే. రంగు మొదట తక్కువగా వచ్చింది. నిమిషాలు గడిచేకొద్దీ పెరిగింది. మూత్రంలోనో సీరంలోనో అలా జరగలేదు. ఏదో ఒక ఫాస్ఫరస్ సంయోగం ఆమ్ల మాలిబ్డేటులో నెమ్మదిగా విడిపోతూ, విడిపోయినంత మేరకు ఫాస్ఫేటును రంగుకు అందిస్తున్నదని వారు గ్రహించారు. ఆ సంయోగం క్రియేటిన్, ఫాస్ఫారికామ్లాల కలయిక అని 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. విశ్రాంత కండరంలో అప్పటిదాకా అకర్బన ఫాస్ఫేటుగా లెక్కించిన దానిలో ఎక్కువ భాగం నిజానికి ఇదేనని తేలింది. కండరం పనిచేసినప్పుడు అది తరిగి, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుంది.

ఇక్కడ ఒక చారిత్రక తర్కం ఉంది. రంగు నెమ్మదిగా వచ్చే పద్ధతిలో ఈ జాప్యం కనిపించే అవకాశం చాలా తక్కువ. పరీక్షకుడు ఆగే వ్యవధిలోనే ఫాస్ఫోక్రియేటిన్ విడిపోతుంది, అంకె సజావుగా వస్తుంది, సందేహానికి తావుండదు. పద్ధతి వేగవంతం కావడం వల్లనే నెమ్మదితనం దృశ్యమైంది. కాబట్టి 1925 వ్యాసాన్ని 1927 వ్యాసానికి కేవలం ‘ఉపకరణం’గా భావించడం సరికాదు, రెండవది మొదటిదాని లోపలినుంచే వచ్చింది. పద్ధతిని రూపొందించినవారే దానిని రోజూ వాడుతూ ఉండడం కూడా ఇందుకు తోడ్పడింది. ఇతరుల పుస్తకం చూసి పరీక్ష చేసేవాడు ఇటువంటి నమూనాను ‘పాడైపోయింది’ అని పారబోసి ఉండేవాడేమో. ఇది నా ఊహ మాత్రమే. అయినా ప్రయోగశాలలో అలా పారబోసినవాటికి చరిత్ర ఉండదు గనుక ఊహించక తప్పదు.

ఈ ఘనతను ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. వ్యాసకర్తలలో మొదటి పేరు ఫిస్కేది. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు అదే కాలంలో స్వతంత్రంగా కండరంలోని అస్థిర ఫాస్ఫరస్ సంయోగాన్ని గుర్తించి ‘ఫాస్ఫాజెన్’ అని పేరు పెట్టారు. 1929లో ఏటీపీ విషయంలోనూ అంతే. జర్మనీలో లోమన్ దాదాపు అదే సమయంలో దానిని వేరుచేశాడు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న హిల్, మైయర్‌హోఫ్‌ల సిద్ధాంతానికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అండ ఉన్నది. ఆ సిద్ధాంతం పునాదులు కదలడంలో ఈ ఫాస్ఫరస్ పరిశోధనల పాత్ర పెద్దది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషప్రయోగంతో ఆపినా కండరం సంకోచించగలదని 1930లో లండ్స్‌గార్డ్ చూపినప్పుడు, ఆ శక్తికి ఆధారంగా చూపడానికి ఫాస్ఫోక్రియేటిన్ సిద్ధంగా ఉంది.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలకు మారిన తరువాత కూడా పని స్వభావం పూర్తిగా మారలేదు. ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేయడంలో కాలేయపు సారాన్ని భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగాన్ని సూక్ష్మజీవుల పెరుగుదలతో పరీక్షించవలసి వచ్చేది. అక్కడ నీలిరంగు స్థానాన్ని బాక్టీరియా ఆక్రమించింది.

ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఆసుపత్రి ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు నిలిచింది. డ్యూబోస్క్ పాత్రలు పోయి ఫోటోఎలక్ట్రిక్ కలరీమీటర్లు వచ్చాయి. వృత్తంలోని గీత మాయమయ్యే క్షణం కోసం ఎదురుచూసే కంటికి పని తప్పింది. తరువాత క్షయకరణం చేయని ఫాస్ఫోమాలిబ్డేటును అతినీలలోహిత కాంతిలో నేరుగా కొలిచే పద్ధతి యంత్రాలలో స్థిరపడడంతో నీలిరంగు కూడా అనవసరమైంది. యంత్రం ఇప్పుడు కొలిచేది మనిషి కంటికి కనిపించని వన్నెను. ప్రమాణ ద్రావణాన్ని, బ్లాంక్‌ను మాత్రం ఆ యంత్రానికి కూడా ముందుగా చూపించవలసిందే.