తెలుగు కతోలికుల పూజయు వాఙ్మయమును



హైదరాబాదు తూర్పుకొసను దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్బీనగరు మీదుగా విజయవాడకు పోవు బాట మీలో పెక్కండ్రకు పరిచితమే. 2018 మొదలు ఆ బాటకు పైగా మెట్రోరైలు నడచుచున్నది. బ్రతుకుతెరువునకై గుంటూరు, నల్లగొండ, ఖమ్మము సీమలనుండి వచ్చిన కుటుంబము లెన్నియో అచ్చటి సందులలో నివసించుచున్నవి. అట్టి యొక కతోలిక గృహమున నేనొక సాయంకాలము కూర్చుండగా, ఇంటి ముదుసలి జపమాల చేతబట్టి ప్రార్థన సాగించెను. ముగిసిన పిమ్మట మనుమడు, “నాయనమ్మా, సర్వేశ్వరుడనగా ఎవరు?” అని యడిగెను. “మన దేవుడే నాయనా” అని యామె నవ్వెను. ఆ ప్రశ్న నా మనస్సున నాటుకొనెను.

ఆ యొక్క మాట వెనుక నాలుగువందల యేండ్ల చరిత్ర కలదు. 1606లో మధురకు వచ్చిన యేసుసభ గురువు రాబర్తు ది నోబిలి సంస్కృత ద్రావిడ భాషల నభ్యసించి, తన మతమును ఈ దేశపు పదములతోనే బోధించెను, దైవమును సర్వేశ్వరుడనెను. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి యేసుసభవారు పుంగనూరు మొదలగు తావులలో నిలిచి యా త్రోవనే నడచిరి. వారిలో కల్మెత్తు అను గురువు సంస్కృతము నేర్చి, వేదముల ప్రతులను సంపాదించి పారిసు రాజగ్రంథాలయమునకు పంపెను. 1773లో పోపు ఆ సభను రద్దుచేయగా గురువు లరుదైరి. ఊరివారి ప్రార్థన ఊరివారి నోటనే నిలువవలసి వచ్చెను.

మన కవులును ఊరకుండలేదు. పింగళి ఎల్లనార్యుడు తోభ్యచరిత్రమును కావ్యముగా రచించెను. దేవదూత తోడురాగా దూరదేశమునకు పోయిన కుమారుడు, మత్స్యపిత్తముతో అంధుడైన తండ్రికి చూపు తెచ్చిన కథ యది. ప్రొటెస్టంటులు ఈ గ్రంథమును బైబిలులో లెక్కింపరు, కతోలికులు లెక్కింతురు. 1546లో త్రెంతు మహాసభ దానిని స్థిరపఱచెను. మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమున క్రీస్తుకథను ప్రబంధరీతిని పాడెను. పితృభక్తి తెలిసిన తెలుగువానికి ఈ కావ్యములు పరాయివి కావు.

ఇక పూజమాట. 1570 నాటి పూజాగ్రంథము ననుసరించి గురువు పీఠమునకు అభిముఖుడై లత్తీను భాషలో బలి నర్పించెడివాడు. అర్థము తెలియని భాషలో పూజయేమని కొందఱాక్షేపింతురు. మన దేవళములలో మంత్రము వినువారెల్లరు వ్యాకరణము చదివినవారా? గంట మ్రోగగనే మోకరించుట, ధూపము, నిశ్శబ్దము, ఇవియు భక్తికి భాషలే. 1963 డిసెంబరు 4వ తేదీని వాటికను మహాసభ ప్రకటించిన శాసనము దేశభాషలకు తావొసగెను. పీఠముపై తెలుగు వినబడుట మేలే. అయినను ఇంటిలోను, ఊరేగింపులలోను మనవారు తెలుగుననే వేడుకొనుట అంతకు మున్నే కలదు. ఆ పాత మాటలు నేడు ముదుసళ్ల నోళ్లలో మాత్రమే మిగిలియున్నవి. వారితో అవియు పోయినచో వానిని మరల తెచ్చు గురువెవ్వడు?

కావున పెద్దలారా, మీకు కంఠస్థమైన జపములను, సిలువమార్గపు పాటలను ఒక పుస్తకమున వ్రాయింపుడు. అటకపై తాటియాకుల కట్ట యున్నచో చెదలపాలు గానీయకుడు. మనుమడు అడిగినపుడు “మన దేవుడే” అని యూరకుండక, ఆ మాట మనయింటి కెట్లు వచ్చెనో చెప్పుడు. మతమేదైనను, అది తెలుగువారి సొత్తు.