ట్రాలీలో కూచున్నవాళ్ళు

ఖమ్మం, భద్రాచలం ప్రాంతంలో ప్రమాద నష్టపరిహారం చరిత్ర రాయాలంటే గోదావరికి రెండు గట్లమీదా విడివిడిగా రాయాలి. 1860లో నిజాం ఎడమగట్టుని ఇంగ్లీషువాళ్ళకి వదులుకున్నాడు. భద్రాచలం అటు పోయింది. ఖమ్మం, ఇల్లెందు నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. పనిలో దెబ్బతిన్న కార్మికుడికి యజమాని డబ్బు కట్టాలన్న చట్టం 1923లో వచ్చింది, బ్రిటిష్ ఇండియా వరకే. చట్టం ఒక గట్టున, బొగ్గుబావులు ఇంకో గట్టున!

రోడ్డు ప్రమాదాలది వేరే దారి. 1855 నాటి చట్టం కింద, చనిపోయినవాడి కుటుంబం సివిల్ కోర్టులో దావా వేసి, తప్పు అవతలివాడిదేనని రుజువు చెయ్యాలి. 1956 సవరణతో మోటారు ప్రమాదాలకి ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పెట్టే వీలు కలిగింది. అయితే ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడి ట్రిబ్యునల్‌కే వెళ్ళాలి. 1994లో ఆ ముడి విప్పారు: బాధితుడు తను ఉండేచోట కూడా కేసు వెయ్యొచ్చు, గడువూ లేదు. నా దృష్టిలో ఈ చట్టంలో పేదవాడికి అన్నిటికంటే పనికొచ్చిన మార్పు ఇదే. ముఖ్యంగా ఇక్కడ. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసిన భద్రాచలం చుట్టూ 2014లో మళ్ళీ గీత గీశారు. పట్టణం తెలంగాణలో ఉంది, ఎటపాక వైపు నాలుగడుగులేస్తే ఆంధ్ర. ఇంకాస్త పోతే ఛత్తీస్‌గఢ్.

ఆ ఛత్తీస్‌గఢ్ నుంచే కోయలు మిర్చి ఏరడానికి వస్తారు, చాలామంది ట్రాక్టర్ ట్రాలీల్లో. ట్రాలీ బోల్తాపడితే వకీలు అడిగే మొదటి ప్రశ్న: ఏ బండిలో ఉన్నారు? సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. ఇక మిగిలేది బండి ఓనరు. అతని దగ్గర ఉండేదీ ఆ ట్రాక్టరే. (మా ఆఫీసు భాషలో దీన్ని ఎడ్జ్ కేస్ అంటాం. ఇక్కడ మాత్రం అదే రోజువారీ కేసు.)

వకీలు ఫీజు సంగతి చూద్దాం. అమెరికాలో గెలిస్తే వాటా తీసుకోవడం మామూలు. మన బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అది తప్పు. కానీ చేతిలో పైసా లేనివాడు ముందుగా ఫీజు ఎట్లా ఇస్తాడు? దానికి జవాబుగా 1987 న్యాయసేవల చట్టం ఉంది. సెక్షన్ 12 కింద ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా వకీలు ఉచితం. చదవడానికి బాగుంది. అయితే సల్వాజుడుం రోజుల్లో, 2005 తర్వాత, అడవి దాటి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ గుత్తికోయలకి తెలంగాణలో ఎస్టీ సర్టిఫికెట్ దొరకడమే కష్టం. అదే సెక్షన్‌లో ఆడవాళ్ళని విడిగా రాశారు, వాళ్ళకి ఏ కులపత్రమూ అక్కర్లేదు. భర్త పోయిన మనిషి అయినా, తనే దెబ్బతిన్న కూలీ అయినా ఆ దారిన వెళ్ళొచ్చు. ఈ ముక్క వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పేవాళ్ళు కావాలి, అదీ తొందరగా. ఎందుకంటే 1994లో తీసేసిన గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి తిరిగి వచ్చింది, ఆరు నెలలు. ఫిబ్రవరిలో మిర్చి చేలకి పోతూ ట్రాలీ పడితే ఆ ఆరు నెలలు ఆగస్టులో నిండుతాయి. అప్పటికి కూలీలు తమ ఊళ్ళలో ఉంటారు, వాగులు పొంగుతుంటాయి.